గనుల నీళ్ళు, పంట పొలాలు: హద్దు గీసేదెవరు?

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఆక్లాండ్ నుంచి టౌరంగా వైపు కారులో వెళ్ళిన వాళ్ళలో చాలామంది దారిలో పైరోఆ అనే ఊళ్ళో ఆగే ఉంటారు. అక్కడ ఒక పెద్ద కూల్‌డ్రింక్ సీసా బొమ్మ ఉంటుంది. పిల్లలు దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోందే కారెక్కరు. ఆ ఊరి ఊటనీళ్ళ పేరే ఆ నిమ్మకాయ డ్రింకుకి పెట్టారు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకెళ్తే కరంగహాకె లోయ వస్తుంది. పాత రైలు సొరంగం, వేలాడే వంతెనలు, బంగారు గనుల కాలం నాటి మొండిగోడలు, వాటి కింద పారే ఒహినెమురి నది. వారాంతంలో ఇడ్లీలో, పులిహోరో కట్టుకుని వెళ్ళడానికి భలే చోటు.

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని ఆ లోయకి తీసుకెళ్ళాను. కడప జిల్లాలో ముప్ఫై ఏళ్ళు చీనీ తోట చేసిన మనిషాయన. వంతెన మధ్యలో ఆగి, కిందికి చూసి, "ఈ ఏటి నీళ్ళు చేన్లకు కడతారేమిరా?" అన్నారు. ఆయన ఏ దేశం వెళ్ళినా నీళ్ళని చూసి అడిగే మొదటి ప్రశ్న అదే. నేను అప్పటికి కాస్త చదివి వచ్చాను కాబట్టి, ఈ నదిని ఒకప్పుడు ప్రభుత్వమే గనుల బురద వదిలే కాలవగా ప్రకటించిందని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఏటిని మురిక్కాలవ చేసేదానికి గూడా చట్టం రాసినారా?" అన్నారు.

రాశారు. ఆ కథే ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను, కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి. కానీ మా వృత్తిలో ఒక సంగతి బాగా అర్థమవుతుంది. ప్రాజెక్టు మొదట్లో నియమాలు రాసే మీటింగులో ఎవరున్నారో వాళ్ళకి అనుకూలంగానే సిస్టమ్ తయారవుతుంది. ఆ మీటింగుకి రాని వాళ్ళు ఆ తరవాత ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేసుకుంటూనే ఉంటారు. నదుల విషయంలోనూ జరిగింది అదే.

ఒహినెమురి ప్రాంతం మావోరీలది. అక్కడి న్గాతి తమతెరా తెగ పెద్ద తె హిరా తమ నేలని బంగారం వేటగాళ్ళకి తెరవడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి 1875లో ఆ ప్రాంతాన్ని తవ్వకాలకి తెరిచారు. 1878లో వైహి దగ్గర మార్తా కొండలో బంగారపు రాయి దొరికింది. ఐతే ఆ రాతిలో బంగారం ఎంత సన్నగా ఉండేదంటే, రాయి పొడి చేసినా సగానికి సగం చేతికి రాకుండా పోయేది. అప్పుడొచ్చింది సయనైడ్ పద్ధతి. 1887లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పేటెంటు తీసుకున్న ఈ పద్ధతిని ప్రపంచంలో మొట్టమొదట గని దగ్గర పెట్టి పరీక్షించింది 1889లో, ఈ కరంగహాకెలోనే. మనం పులిహోర పొట్లం విప్పుకునే ఆ చోటికి అంత చరిత్ర ఉంది.

సయనైడ్ రావడంతో గనులు లాభాల్లో పడ్డాయి. పెద్ద పెద్ద ఇనుప రోకళ్ళతో రాయిని దంచే మిల్లులు వెలిశాయి. వైకినోలో కట్టిన విక్టోరియా మిల్లులో అలాంటి రోకళ్ళు 200 ఉండేవి. రోజుకి 800 టన్నుల రాయి పిండి చేసేవారు. టన్ను రాయిలో బంగారం కొన్ని గ్రాములే కదా, మరి మిగతా పిండి ఎక్కడికి పోవాలి? కంపెనీలకి కనపడింది నది. అప్పటి గనుల చట్టం అందుకు దారి కూడా చూపించింది. 1895లో ప్రభుత్వం గెజెట్‌లో ఒక ప్రకటన వేసింది. ఒహినెమురి నది ఇక నుంచి బురద కాలవ. గనుల వాళ్ళు వ్యర్థాలు అందులో వదలొచ్చు. ఎంత వదలాలి, ఎంత చిక్కగా వదలాలి అన్న లెక్క లేదు. ఒక్కమాటలో చెప్పాలంటే హద్దు లేకపోవడమే అప్పటి చట్టం.

కింద పల్లంలో ఉన్న రైతుల సంగతి ఎవరికీ పట్టలేదు. నదిలో ఈల్ చేపలు పట్టుకునే మావోరీల సంగతి అసలే పట్టలేదు. ఏడాదికేడాది నది అడుగు మేట వేసింది. పడవల రాకపోకలకి ఇబ్బంది మొదలైంది. 1907లో పెద్ద వరద వచ్చి ఆ రాతిపిండి అంతా పొలాల మీద పరిచి వెళ్ళింది. పచ్చిక మేసే పశువులున్న చోట బూడిదరంగు మేట. రైతుల గోల వల్ల 1910లో విచారణ కమిషన్ కూర్చుంది. అదే ఏడాది వైహో, ఒహినెమురి నదుల బాగు కోసం ప్రత్యేక చట్టం వచ్చింది, కరకట్టలు కట్టడం మొదలైంది. నది మాత్రం బురద కాలవగానే ఉంది. మార్తా గని 1952లో మూతపడింది. అయినా 1895 నాటి ప్రకటనని రద్దు చేసింది 1971లో. అంటే గని మూసిన పంతొమ్మిదేళ్ళకి, ప్రకటన వచ్చిన డెబ్భై ఆరేళ్ళకి. హద్దు లేకుండా రాసిన నియమాన్ని సరిచేయడానికి మూడు తరాలు పట్టింది.

ఆ తరవాత రోజులు మారాయి. 1967 నాటి నీటి, నేల సంరక్షణ చట్టం వచ్చాక నదిలో ఏదైనా వదలాలంటే ముందు అనుమతి ఉండాలన్నారు. 1980ల చివర మార్తా గని మళ్ళీ తెరిచినప్పుడు గని నీటిని శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. సయనైడ్‌ని విరగ్గొట్టాలి, సున్నం కలిపి లోహాలని అడుగుకి దించాలి, నదిలో ఎంత నీరు పారుతోందో చూసుకుని దానికి తగ్గట్టే వదలాలి. ఒక్కో పదార్థానికీ ఒక్కో హద్దు. 1895తో పోలిస్తే ఎంత తేడా!

ఇదంతా చెప్పి, "చూశావా నాన్నా, ఇప్పుడు అన్నీ వడపోసి వదులుతారు" అన్నాను కాస్త గర్వంగా. ఆయన ఆలోచించి, "అన్నీ సరేరా, ఉప్పు పోతాదా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని.

రాగి, సీసం లాంటి లోహాలు సున్నానికి లొంగుతాయి. సయనైడ్ రసాయనాలకి లొంగుతుంది. సోడియం దేనికీ లొంగదు. దాని లవణాలన్నీ దాదాపు నీళ్ళలో ఇట్టే కరిగిపోయేవే. దాన్ని తీయాలంటే ఖరీదైన పొరల గుండా నీటిని నొక్కి పంపాలి, లేదా ఎండబెట్టి ఉప్పుగా మిగల్చాలి, అదీ కాకపోతే మంచినీళ్ళు కలిపి పల్చన చేయాలి. పైగా గనిలో వాడే రసాయనాల్లో చాలావాటితో సోడియమే వస్తుంది. సోడియం సయనైడ్, కాస్టిక్ సోడా, సోడా బూడిద. అంటే శుద్ధి చేసిన నీళ్ళలో కూడా చివరికి మిగిలే అతిథి సోడియం.

"ఉప్పే కదా, విషమా ఏమన్నానా?" అనిపిస్తుంది. అక్కడే పొరపాటు పడతాం. తాగే నీళ్ళలో సోడియం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ముఖ్యంగా రుచి కోసం. నేలకి ఆ లెక్క వేరు. బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుల్లగా ఉండడానికి కాల్షియం కారణం. కాల్షియానికి రెండు చేతులున్నాయనుకోండి, అటొక రేణువునీ ఇటొక రేణువునీ పట్టుకుంటుంది. సోడియానికి ఉన్నది ఒకటే చెయ్యి. నీళ్ళలో సోడియం ఎక్కువై కాల్షియాన్ని నెట్టేస్తే రేణువులు విడిపోతాయి, మట్టిలోని సందులన్నీ పూడుకుపోతాయి. నీరు దిగదు, గాలి ఆడదు, వేరు సాగదు. తడిస్తే జారుతుంది, ఎండితే బండ. దీనికి మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న పేరు చౌడు నేల. చాకళ్ళు బట్టలుతకడానికి తవ్వుకెళ్ళిన చవుడు మట్టి ఇదే. అందులో ఉన్నది సోడానే.

మా నాన్నకి ఇది పుస్తకాల్లో చదివిన చౌడు కాదు. తోటలో మొదటి బోరు ఎండిపోయాక లోతుగా ఇంకోటి వేయించారు. ఆ నీళ్ళకి సబ్బు బ్రహ్మాండంగా నురగొచ్చేది, అమ్మ సంతోషించింది. మూడో ఏడాదికి పాదుల్లో తెల్లటి పొర తేలింది, ఆకుల కొసలు మాడిపోయాయి. సబ్బు నురగ బాగా వచ్చిందంటే నీళ్ళలో కాల్షియం తక్కువ, సోడా ఎక్కువ అని. మనిషికి హాయిగా ఉన్న నీరే మట్టిని చంపింది. అది భూమిలో సహజంగా ఉన్న నీరే, ఎవరినీ అనడానికి లేదు. కానీ అలాంటి నీళ్ళు ఒక గని నుంచి వస్తే?

ఈ నష్టాన్ని కొలవడానికి ఒక కొలమానం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రివర్‌సైడ్‌లోని లవణీయత ప్రయోగశాల 1954లో ఒక చేతిపుస్తకం వేసింది. అందులో సోడియం ఎంత ఉందని మాత్రమే కాకుండా, కాల్షియం, మెగ్నీషియంలతో పోలిస్తే ఎంత ఉందో చూడమన్నారు. దాన్నే సోడియం శోషణ నిష్పత్తి, పొట్టిగా ఎస్.ఎ.ఆర్. అంటారు. చిన్న ఉదాహరణ చెప్తాను. లీటరు నీళ్ళలో సోడియం 230 మిల్లీగ్రాములు, కాల్షియం 80, మెగ్నీషియం 48 ఉంటే ఆ నిష్పత్తి సుమారు 5 వస్తుంది. సోడియం అంతే ఉండి, కాల్షియం 20కి, మెగ్నీషియం 12కి పడిపోతే నిష్పత్తి 10 అవుతుంది. సోడియం ఒక్క మిల్లీగ్రాము పెరగకుండానే ప్రమాదం రెట్టింపైంది. అందుకే సోడియంకి ఒక్క అంకె రాసి ఊరుకుంటే సరిపోదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉప్పునీళ్ళు కట్టినంత కాలం నేల బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. మంచి వాన పడి పై ఉప్పు కడిగేశాక మట్టి ఒక్కసారిగా ముద్దకడుతుంది. అప్పటికి నీళ్ళు వదిలినవాడు "మా నీళ్ళ వల్ల కాదు, వాన తరవాతే కదా" అనగలడు.

మరి గని నీళ్ళలో సోడియంకి హద్దు ఎక్కడైనా గీశారా అంటే, అమెరికాలోని మాంటానాలో గీశారు. 1990ల చివర పక్క రాష్ట్రం వయోమింగ్‌లో బొగ్గు పొరల్లోంచి గ్యాసు తీయడం జోరందుకుంది. గ్యాసు రావాలంటే ముందు బొగ్గు పొరలోని నీళ్ళు తోడాలి. ఆ నీళ్ళ నిండా సోడా. అది టంగ్, పౌడర్ నదుల్లో కలిస్తే కింద మాంటానా రైతులకి చేరుతుంది. వాళ్ళవీ బంకమట్టి నేలలే. రైతులు ఊరుకోలేదు. ఆ నది ఒడ్డునే ఉన్న నార్తర్న్ షయాన్ తెగవాళ్ళు తమ హద్దులు తామే రాసుకున్నారు. 2003లో మాంటానా ప్రభుత్వ బోర్డు అంకెలు ఖాయం చేసింది. టంగ్ నదిలో సాగు కాలంలో ఆ నిష్పత్తి నెలసరి సగటున 3 దాటకూడదు, ఏ ఒక్కసారీ 4.5 మించకూడదు. పౌడర్ నది సహజంగానే ఉప్పన కాబట్టి అక్కడ సగటు 5. సాగు లేని చలికాలానికి వేరే అంకెలు. గమనించండి, కంపెనీ ఎంత వరకు శుద్ధి చేయగలదు అని మొదలుపెట్టలేదు. ఈ నది నీళ్ళు తాగే మట్టి ఎంత వరకు ఓర్చుకుంటుంది అన్న చోట మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టారు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. కేంద్ర పర్యావరణ సంస్థ ఇచ్చిన ఆమోదాన్ని 2009లో ఫెడరల్ కోర్టు రద్దు చేసి, మళ్ళీ పరిశీలించమంది. అంటే ఆ పోరాటం కూడా అంత తేలిగ్గా తెగలేదు. కానీ అక్కడ మీటింగులో రైతు ఉన్నాడు.

ఇక మన దేశం సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్ళని తరగతులుగా విభజించింది. సాగుకి పనికొచ్చే 'ఇ' తరగతిలో ఈ నిష్పత్తి 26 వరకు ఉండొచ్చు. అక్కడ 3, ఇక్కడ 26! ఏ నది అంకె ఆ నదిదే, ఒక చోటి హద్దు ఇంకో చోట అతికించలేం, ఒప్పుకుంటాను. కానీ 1954 నాటి పటంలో 26 అంటే అన్నిటికన్నా చెడ్డ తరగతి మొదలయ్యే గీత. నీళ్ళలో మొత్తం ఉప్పు పెరిగే కొద్దీ ఆ గీత ఇంకా కిందికి దిగుతుందని ఆ పటమే చూపిస్తుంది.

ఈ అంకెలు నాకు ఎందుకు పట్టాయంటే మా జిల్లాలో తుమ్మలపల్లె ఉంది కాబట్టి. పులివెందుల దగ్గర యురేనియం గని అది. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియం రాతిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపురాతి జాతిది, ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని మన దేశంలో మొదటిసారి క్షార పద్ధతి తెచ్చారు. అంటే సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు. ఇంకో మాటలో చెప్పాలంటే సోడా. మిగిలిన బురదని కొట్టాల దగ్గర కట్టిన పెద్ద చెరువులోకి పంపుతారు. 2018 ప్రాంతం నుంచి చుట్టుపక్కల ఊళ్ళ రైతులు బోరునీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి నోటీసిచ్చింది. తమ చెరువు వల్ల ముప్పు లేదని కంపెనీ అంటూ వచ్చింది. ఎవరిది నిజమో ఇక్కడ రేడియోలో కూర్చుని తేల్చేవాణ్ణి కాను. కానీ ఒకటి గమనించాను. ఈ చర్చంతా యురేనియం చుట్టూ, రేడియోధార్మికత చుట్టూ తిరిగింది. భయపెట్టే పేర్లవే కదా! సోడియం మన వంటింటి పేరు, దాని గురించి ఎవరూ ఉలిక్కిపడరు. మరి ఆ ప్రాంతపు పంట ఏమిటి? చీనీ, అరటి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిసి 2000లో వేసిన నీటి నాణ్యత మార్గదర్శకాల్లో నిమ్మజాతి చెట్లని సోడియంకి అన్నిటికన్నా త్వరగా దెబ్బతినే వాటిలో చేర్చారు. లీటరుకి 115 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీళ్ళకే వాటి ఆకులు మాడొచ్చట. తాగడానికి పరవాలేదన్న 200 కూడా చీనీ చెట్టుకి ఎక్కువే.

న్యూజీలాండ్‌లో వానలు ఎక్కువ కదా, మనకేం అనుకోకండి. హౌరాకి మైదానంలో వాన ఉప్పుని కడిగేస్తుంది, నిజమే. దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగో అలా కాదు. అలెగ్జాండ్రా చుట్టుపక్కల ఏడాదికి పడేది సుమారు 350 మిల్లీమీటర్లు, మన అనంతపురం కన్నా తక్కువ. అక్కడ చాప్‌మన్ రోడ్ దగ్గర అచ్చం మన చౌడులాంటి ఉప్పు నేలని రక్షిత స్థలంగా ఉంచారు. బంగారం కోసం తవ్విన పాత కాలవలే ఆ తరవాత ఎన్నో తోటలకి సాగు కాలవలయ్యాయి. ఇప్పుడు అదే ప్రాంతంలోని బెండిగో-ఓఫిర్ బంగారు గని ప్రాజెక్టు, అనుమతులు త్వరగా ఇవ్వడానికని 2024లో తెచ్చిన చట్టం జాబితాలో ఉంది. దాని చుట్టూ చెర్రీ తోటలు, ద్రాక్ష తోటలు. గని వద్దనడం నా ఉద్దేశం కాదు. మన ఫోన్లలో, మన ఆడవాళ్ళ మెడల్లో ఉన్నది గనుల్లోంచి వచ్చిందే. అక్కడ తవ్వకం మొదలుకాక ముందే వాగుల్లో, బావుల్లో సోడియం, కాల్షియం ఎంతున్నాయో కొలిచి పెట్టుకోవాలన్నదే నా మాట. ముందు కొలత లేకపోతే, తరవాత "ఇది మొదటి నుంచీ ఇంతే" అన్న మాటకి ఎదురు చెప్పలేం.

మన ఊళ్ళకీ అదే మాట. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకి ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలి. 2025 సెప్టెంబరులో కేంద్రం అణు ఖనిజాల గనులకీ, మరికొన్ని కీలక ఖనిజాల గనులకీ దాని నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే ఉన్న ఒక్క మీటింగులో కూడా రైతు కుర్చీ తీసేసినట్టే. ఇలాంటప్పుడు దూరంగా ఉన్న మనం చేయగలిగింది చిన్నదే అయినా ఉంది. ఊరికెళ్ళినప్పుడు మన బావి నీళ్ళు, బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి, వ్యవసాయ శాఖ వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయించి, ఆ కాగితం తేదీతో సహా దాచిపెట్టండి. ఏటా ఒకసారి. పదేళ్ళకి ఆ కాగితాలే సాక్ష్యం అవుతాయి.

మా నాన్న తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన పెట్టె సర్దుతుంటే చిన్న ప్లాస్టిక్ సీసా కనిపించింది. ఒహినెమురి నీళ్ళు. ఎప్పుడు పట్టారో ఏమో. "ఎందుకు నాన్నా, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు" అన్నాను. "మన పక్క ల్యాబులో ఇచ్చి చూద్దామని. డెబ్భై ఏండ్లు బురద మోసిన ఏరు ఇప్పుడెట్లుందో తెలుసుకోవద్దా?" అన్నారు. సీసా ఇక్కడే ఉండిపోయింది. వెళ్ళిన వారానికి మాత్రం ఆయన ఫోన్ చేశారు. మా తోట బోరు నీళ్ళు పరీక్షకి ఇచ్చారట, మొదటి కాగితం బీరువాలో పెట్టారట.